మూడో కేక

మా బావ నంజప్పకు అబద్ధం చెప్పడం రాదు. జీవితంలో ఒకే ఒకటి చెప్పాడు, దాన్ని సంవత్సరం పాటు మోశాడు. మోయలేక దించుకోవడానికి పోయినప్పుడు నన్ను తోడు తీసుకుపోయాడు. ఎందుకు పోయానురా దేవుడా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. 2009లో ఆయన పోయాడు. ఇక తిట్టించుకోవడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

నా పేరు మునిరాజు. పుంగనూరు బస్టాండు దగ్గర సైకిల్ షాపు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నా షాపుకు వచ్చేవాళ్లందరికీ తెలుసు. మా అక్క చిక్కమ్మను కుప్పం అవతల గుడుపల్లె వైపు బోడిబండపల్లె అనే చిన్న ఊరికి ఇచ్చాం. ఆ ఊళ్లో అందరిదీ గొడ్ల బతుకే. వాన పడితే చెనిక్కాయ వేస్తారు, పడకపోతే గొడ్లను నమ్ముకుంటారు.

నంజప్ప సంతకు కోడెల్ని తోలుకొచ్చినప్పుడల్లా నా షాపులోనే పడుకునేవాడు. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం రాళ్లు. "బామ్మర్దీ, ఇన్ని చక్రాలు పెట్టుకోనుండావు, ఒక్కటీ నిన్ను యాడికీ తీసకపోలేదే" అని ఎగతాళి చేసేవాడు. సంతలో ఆయన బేరం చూస్తే నాకు ఒళ్లు మండేది. కొనేవాడు కోడె పళ్లు చూడకముందే, "దీనికి ఎడం కన్ను మందమప్పా, సూసుకో" అని తానే చెప్పేసేవాడు. నోరు మూసుకోలేవా బావా అంటే, "రేపు అది గుంతలో పడితే వాడు నన్నే కదా తలుసుకునేది" అనేవాడు. అలాంటి మనిషితో బేరానికి పోవడం కంటే ఇంట్లో పడుకోవడం మేలు.

బోడిబండపల్లెకు వెనక నాలుగు గుట్టలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు వరసగా ఉంటాయి. ఊరికి పడమట ఎక్కి, గట్టు మీదే నడిచి, నాలుగు శిఖరాలూ దాటి, తూర్పున దిగితే మళ్లీ ఊరే. దీన్ని వాళ్లు 'చుట్టు' అంటారు. కోడి కూసినప్పుడు బయల్దేరితే పొద్దు మునిగేటప్పటికి దిగుతారు. ఎండాకాలం పాలివ్వని గొడ్లను కొండలోకి వదిలేస్తారు. రాతి దొనల్లో నిలిచిన నీళ్లు తాగి, ఈత పొదల కింద దొరికింది తిని అవి అక్కడే ఉంటాయి. వారానికొకసారి ఒక ఇంటివాళ్లు ఇద్దరు చుట్టుకు పోయి, ఏది ఉంది, ఏది కాలు విరుచుకుంది, ఏది ఈనింది అని చూసి రావాలి. ఒకడు పైన గట్టు మీద నడుస్తాడు. ఇంకొకడు నడిమి వాలులో పొదలు కొట్టుకుంటూ పోతాడు. ఒకడికి ఒకడు కనిపించడు. గుట్టకూ గుట్టకూ మధ్య కనమలో కలుసుకునే దాకా గొంతే దిక్కు.

ఆ గొంతుకు ఒక కట్టుబాటు ఉంది. కొండలో మొదటి కేకకు పలకకూడదు. రెండో కేకకూ పలకకూడదు. మూడో కేకకే పలకాలి. కొండలో పడి చచ్చినవాళ్లు తెలిసిన గొంతుతో పిలుస్తారట. వాళ్లకు రెండు కేకలకే ఊపిరి ఉంటుందట. పలికి అటు పోయినవాడు బండ మీంచి నడిచి పడిపోతాడట. మనిషైతే మూడోసారి పిలుస్తాడు కదా అంటారు. ఆ ఊళ్లో పిల్లలకు పాలు పిండడం కంటే ముందు ఇది నేర్పిస్తారు.

"మీ దెయ్యానికి లెక్కలు రెండు వరకేనా వచ్చింది?" అని నేనొకసారి నవ్వితే మా అక్క నెత్తిన మొట్టింది. నవ్వానే కానీ అది ఉత్త పిచ్చి అని కూడా అనలేను. ఆ బండల మధ్య ఒక్క కేక వేస్తే నాలుగు దిక్కుల నుంచీ వినిపిస్తుంది. తొందరపడి పలికి పరుగెత్తినవాడు ఎటో పోయి పడతాడు. మూడోదానికి దిక్కు తెలుస్తుంది. పైగా ఏనుగులు తిరిగే కొండ అది, ఊరకే అరుచుకోకూడదు. పెద్దలు ఏదో చూసే పెట్టి ఉంటారు. పెట్టినవాళ్లు ఇప్పుడు లేరు, అడగడానికి.

2003 ఎండాకాలం. వరసగా రెండో కరువు. మదనపల్లె టమోటా లారీలు కూడా ఆ ఏడు మా బస్టాండు ముందు పోవడం తగ్గిపోయింది. నంజప్ప, ఆయన తమ్ముడు ఎల్లప్ప చుట్టుకు పోయారు. చచ్చినోడి కళ్లు చారెడంటారు, నేనలా పొగడను. ఎల్లప్ప సోమరి. నవ్వు ముఖం, మంచి మాట, ఒంటికి పని అంటే మాత్రం జ్వరం. చుట్టు సగంలో ఉండగానే అన్నకు చెప్పకుండా వాలు దిగేసి కుప్పంలో సినిమాకు పోయిన రోజులు నాలుగైదు ఉన్నాయి. మరుసటి రోజు పొద్దున వచ్చేవాడు. భార్య కృష్ణవేణి రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు నవ్వేది.

ఆ రోజు నంజప్ప పైన, ఎల్లప్ప కింద. రెండో గుట్టకూ మూడో గుట్టకూ మధ్య గట్టు మీద పోతుంటే నంజప్పకు "అన్నా" అని వినిపించింది. ఆగాడు. మళ్లీ "అన్నా" అని వినిపించింది. మూడోదాని కోసం నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడట. రాలేదు. నడుచుకుంటూ పోయాడు. కనమలో తమ్ముడు కలవలేదు. సినిమాకు పోయి ఉంటాడనుకున్నాడు. పొద్దు మునిగాక ఇల్లు చేరితే కృష్ణవేణి అడిగింది, ఈయన అదే చెప్పాడు. ఆమె పళ్లు కొరుకుతూ లోపలికి పోయింది. ఈ రెండు కేకల సంగతి మాత్రం అప్పుడు ఎవరికీ తెలియదు.

నేను ఆ పూటే అక్కను చూడ్డానికి వచ్చి ఉన్నాను. తెల్లవారుజామున కూడా ఎల్లప్ప రాకపోయేసరికి, పొద్దున వస్తాడులే అని నేనన్నా వినకుండా నంజప్ప లేచి కొండకు బయల్దేరాడు. నేనూ, ఊరివాళ్లు నలుగురూ వెంట పోయాం. పొద్దు పొడిచేటప్పటికి ఆయన మమ్మల్ని అడ్డదారిన నేరుగా రెండో గుట్ట అవతల ఒక పెద్ద బండ కిందికి తీసుకుపోయాడు. మేమిద్దరం ముందు, మిగతావాళ్లు వెనక. ఎల్లప్ప బండకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. తొడ ఎముక విరిగి బయటికి వచ్చింది. దాని పైన తన తువ్వాలును తానే బిగించి కట్టుకున్నాడు. పడిన చోటి నుంచి నీడలోకి పాక్కుంటూ వచ్చిన జాడ కనబడుతోంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. వేళ్లు వంచితే వంగుతున్నాయి.

నంజప్ప నన్ను చూశాడు. వెనకవాళ్లు వచ్చేలోపల ఆ తువ్వాలు ముడి విప్పేసి, తమ్ముణ్ణి నేల మీద పడుకోబెట్టాడు. నేను కాలితో ఆ పాకిన జాడ చెరిపేశాను.

శవాన్ని ఇంటికి తెచ్చాక కృష్ణవేణి ఏడుపు మధ్యలో బావను ఒకటే అడిగింది. "నొప్పి పడినాడా బావా?"

"లేదమ్మా. పడతానే పోయినాడు. తెలిసేదానికి కూడా టైము లేదు" అన్నాడు నంజప్ప.

అదే ఆ అబద్ధం. ఊరంతా దాన్నే పట్టుకుంది. పుణ్యాత్ముడు, బాధ లేకుండా పోయాడు అని వచ్చిన ప్రతి ముసలమ్మా ఆమె తల నిమిరి చెప్పి పోయింది. నాకు కూడా అది మంచి మాటే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

పది నెలలు గడిచాయి. ఒక సంత రోజు నంజప్ప ఉత్త చేతులతో నా షాపుకు వచ్చాడు. సగానికి సగం తగ్గిపోయాడు మనిషి. పంచరు వేస్తున్న నా ఎదురుగా కూర్చుని, ఆ రెండు కేకల సంగతి అప్పుడు చెప్పాడు. నా చేతిలో గమ్ము ఆరిపోయింది.

"అది వాడు కాదేమో మునిరాజూ" అన్నాడు. "కొండదే ఏమో. వాడు పడింది నేను పోయినాక, సాయంకాలమేమో. ఆ బండ కిందినుంచి పిలిస్తే పైకి ఇనబడదు, మధ్యలో ఇంత లావు రాయి ఉండాది. ఇనబడకపోతే నాకు ఇనబడింది వాడి గొంతు కాదు కదా?"

"కాదు బావా. ఇంక ఇడిసిపెట్టు."

"నువ్వు రా. వాడు ఉన్నెసోట నువ్వు కూసోని పిలువు. నేను నిలబడిన్నెసోట నిలబడతా. ఇనబడకపోతే సాలు నాకు."

నాకు ఒళ్లు మండింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పోయినవాడు తిరిగి వస్తాడా, నీకేమైనా మతి పోయిందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన షాపు మూసే దాకా అలాగే కూర్చున్నాడు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. సరే వస్తానన్నాను. కింద కూర్చుని గట్టిగా పిలవకపోతే సరిపోయె. వినబడదు, ఈ మనిషి బతుకుతాడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకోకుండా, భలే ఆలోచన అనుకున్నాను.

2004 మే నెలలో పోయాం. సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి, ఎర్రగడ్డలు మూట కట్టి ఇచ్చింది మా అక్క. గొడ్లను చూసి వస్తామని చెప్పాం. కోడి కూతకు మొదటి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. దోవ అని చెప్పుకోవడమే కానీ అది గొడ్ల గిట్టలు పడిన గీత. బందారు పొదలు నడుములోతు, వాటి మధ్య ఉలిండ ముళ్లు. బండ ఎక్కేటప్పుడు చేతులు ఆనించాల్సిందే. తెల్లారేసరికి మొదటి శిఖరం మీద ఉన్నాం. కింద ఊరు అగ్గిపెట్టెంత ఉంది. కూర్చుందాం బావా అంటే, "కూసుంటే లేయలేవు" అన్నాడు.

రెండో గుట్టకు పోయే గట్టు సన్నగా ఉంటుంది. రెండు పక్కలా లోతు. గాలికి పంచె కాళ్లకు చుట్టుకుంటుంటే నేను రెండు చోట్ల పిల్లాడిలా కూర్చుని జరిగాను. ఎండ ఎక్కింది. ఒక దొన దగ్గర నీళ్లు తాగుదామని వంగితే అడుగున పాచి తప్ప ఏమీ లేదు. దాని పక్కనే ఒక ఆవు ఎముకలు. నంజప్ప కొమ్ములు చూసి, "మనది కాదు" అన్నాడు. క్యానులో నీళ్లు చెరో గుక్క తాగాం. రెండో శిఖరం చేరేసరికి నా చెప్పు తెగిపోయింది. తువ్వాలు చింపి పాదానికి కట్టుకున్నాను. ఆయన దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

శిఖరం దిగాక విడిపోయాం. ఆయన గట్టు మీద, నేను వాలులో. "ఆడికి పోయి కూసోని, శక్తికొద్దీ పిలువు. మూడు తూర్లు" అన్నాడు.

ఒంటరిగా ఆ వాలులో నడిచిన అరగంట నేను ఎవరికీ చెప్పను, చెప్పుకుంటే సిగ్గు. ప్రతి పొద వెనకా ఎవరో ఉన్నట్టే ఉంది. బండ కనబడింది. పైనుంచి లోపలికి వంగి, కింద గుహలా నీడ. ఎల్లప్ప ఆనుకున్న చోటే వీపు ఆనించి కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. పైకి చూస్తే ఆకాశం కూడా కనబడలేదు, రాయే. ఇక్కడి నుంచి ఏం వినబడుతుంది, నేను ఊరకే భయపడ్డాను అనుకున్నాను. అయినా నమ్మకం కోసం గొంతు తగ్గించాను. పక్కనున్న మనిషిని నీళ్లడిగినట్టు మెల్లగా, "బావా" అన్నాను.

నా మాటే రాయి మీద పడి, పెద్దదై, పైకి పోవడం విన్నాను. రెండోసారి పిలవడానికి నోరు తెరవలేదు. అంతలో పైనుంచి గులకరాళ్లు రాలాయి. బండ పక్కన సన్నటి వంక ఒకటి ఉంది, వానాకాలం నీళ్లు దూకే చోటు. అందులో నుంచి చేతులూ కాళ్లూ ఆనించుకుంటూ నంజప్ప దిగి వచ్చాడు. అరచేతులు గీసుకుపోయి రక్తం కారుతోంది. నేను కూర్చున్న చోటు నుంచి ఇంకా కదలనే లేదు.

"ఒక తూరే పిలిచినావు" అన్నాడు.

"మూడుసార్లు పిలిచినా బావా, గట్టిగా. నీకు ఒకటే ఇనబడింది, సూడు" అన్నాను.

ఆయన నా పక్కన కూర్చున్నాడు. "మెల్లగా పిలిచినావు. నా కోసరమే మెల్లగా పిలిచినావు, తెలుసు. అయినా పక్కన కూసోని పిలిచినట్ల ఇనబడింది." అరచేతుల రక్తం చొక్కాకు తుడుచుకుని మళ్లీ అన్నాడు. "మూడోది యాల పిలవలేదో తెలిసింది. కండ్లు తిరిగి పడిపోయింటాడు. లేసినాక పిలిచింటాడు మునిరాజూ. అప్పటికి నేను మూడో గుట్ట దాటేసింటా. తెల్లారిందాకా పిలిచింటాడు."

నాకు ఏడుపు వచ్చింది. నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు. సంగటి మూట విప్పలేదు.

అడ్డదారిన దిగిపోదామంటే ఆయన వినలేదు, గొడ్లను చూసి వస్తామని చెప్పాం కదా అన్నాడు. చుట్టు సగానికి వచ్చినవాడు ముందుకు పోవాల్సిందే. ఆ వంకలోనే పైకెక్కి మూడో గుట్ట పట్టాం. నడినెత్తిన ఎండ, బండ పెనంలా కాలుతోంది. ఆయన ముందు, నేను పది అడుగుల వెనక. ఎక్కడో దూరంగా మేకలు కాసేవాడెవడో ఇంకెవణ్ణో కేకేశాడు. మొదటి కేకకే మా బావ "ఓ" అని పలికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. బతికినన్నాళ్లూ ఆయన అలాగే పలికాడు, ఎవరు ఎవరిని పిలిచినా. బస్టాండులో పిలిచినా సరే. జనం నవ్వేవాళ్లు.

నాలుగో శిఖరం మీద ఆగాడు. "కృష్ణవేణమ్మకు చెప్పేస్తా" అన్నాడు.

"ఏమని?"

"జరిగింది."

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. బావ చొక్కా పట్టుకోవడం తప్పు, పట్టుకున్నాను. "చెప్పి ఏం జేస్తావు? నీ నెత్తి మీద బరువు దించి ఆమె నెత్తిన పెడతావా? ఇప్పుడే కదా ఆమె కొంచెం తిని, కొంచెం పండుకుంటా ఉండేది."

"అబద్ధం చెప్పినా కదా మునిరాజూ."

"చెప్పినావు. సచ్చేదాకా అట్లే చెప్పు."

నా చెయ్యి విడిపించుకుని దిగడం మొదలుపెట్టాడు. దిగేటప్పుడు ఎన్ని విధాలుగా చెప్పానో. బతిమాలాను, తిట్టాను, మా అక్క మీద ఒట్టు పెట్టాను. నిజం చెప్పడం పుణ్యమని ఎవరు నేర్పారో కానీ ఈ మనిషికి, అది ఎవరి మీద పడుతుందో చూసుకోమని మాత్రం నేర్పలేదు.

పొద్దు వాలాక ఊరు చేరాం. కృష్ణవేణి ఇంటి ముందు కూర్చుని చింతపండు కొడుతోంది. కాయ పగలగొట్టి, గింజ తీసి, గంపలో వేస్తోంది. ఆమె ఆరేళ్ల కూతురు పావని లోపల ఎక్కడో పలకా బలపంతో ఆడుకుంటోంది. మా గీసుకుపోయిన చేతులు, కాళ్లు చూసి, "నీళ్లు తెస్తానుండు బావా" అని లేవబోయింది.

"కూసోమ్మా" అన్నాడు నంజప్ప. నేల మీద గొంతుక్కూర్చుని చెప్పాడు. రెండు కేకలు చెప్పాడు. మూడోదాని కోసం నిలబడింది చెప్పాడు. తువ్వాలు విప్పింది చెప్పాడు. నా పేరు చెప్పలేదు. అంతా అయ్యాక, "నన్ను ఏమన్నా అను" అన్నాడు.

ఆమె సుత్తి పక్కన పెట్టింది. ఒళ్లో పడిన పెంకులు దులుపుకుని అడిగింది. "ఎంతసేపు ఉండాడు బావా, పానంతో?"

నేను అడ్డుపడ్డాను. "ఎంతోసేపు లేదమ్మా. రెండు కేకలకే అయిపోయింది. మేం పోయేటప్పటికి ఒళ్లు చల్లబడిపోయి ఉండె, నేనే పట్టుకోని సూసినా."

ఆమె నన్ను చూడనే లేదు. "నువ్వు చెప్పు బావా."

నేను ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాను. చేతులు కూడా జోడించాను.

"తెల్లారిందాకా ఉండాడమ్మా" అన్నాడు నంజప్ప.

కృష్ణవేణి ముఖంలో ఏమీ మారలేదు. లోపల పావని ఏదో పాఠం గట్టిగా చదువుతోంది.

"ఆ రాత్రి సినిమాకు పోయినాడనుకోని తలుపు గడియ పెట్టేస్తిని" అంది ఆమె. "ఈ తూరి వస్తే తలుపు తీయకూడదని, సచ్చినా తీయనని, తెల్లారిందాకా తిట్టుకుంటా పండుకోనుంటిని బావా."